కంటి నర్సుల వృత్తి సంఘం: తరచుగా అడిగే ప్రశ్నలు

కంటి విభాగంలో పనిచేస్తున్న నర్సులు, అటువైపు రావాలనుకుంటున్న నర్సులు పదే పదే అడిగే ప్రశ్నలివి. కొన్ని జవాబులు పొడుగ్గా ఉంటాయి, కొన్ని రెండు ముక్కల్లో అయిపోతాయి. ఏ దేశంలో పనిచేసేవారైనా చదువుకోవచ్చు. రిజిస్ట్రేషన్, లైసెన్సు సంగతులకు మాత్రం మీ దేశపు నర్సింగ్ కౌన్సిల్ చెప్పిందే చివరి మాట.

నర్సింగ్ కౌన్సిల్ ఉంది, యూనియన్ ఉంది. మళ్ళీ ఈ వృత్తి సంఘం ఏమిటి?

మూడూ మూడు వేర్వేరు పనులు చేస్తాయి. కౌన్సిల్ మీ పేరు రిజిస్టర్‌లో ఉంచుతుంది, లైసెన్సు ఇస్తుంది, తీవ్రమైన తప్పు జరిగితే తీసేస్తుంది. అది ఉన్నది రోగుల రక్షణకు, మీ తరఫున మాట్లాడటానికి కాదు. యూనియన్ జీతం, డ్యూటీ గంటలు, సెలవుల గురించి యాజమాన్యంతో మాట్లాడుతుంది. వృత్తి సంఘం పట్టించుకునేది పని ఎలా చేయాలన్నది. చుక్కల మందు ఎలా వేయాలి, పనిముట్లు ఎలా కడగాలి, కొత్త నర్సుకు ఏం నేర్పాలి, ఏ పనికి ఎంత శిక్షణ ఉండాలి అన్నవి అక్కడ చర్చకు వస్తాయి.

గీత ఎప్పుడూ ఇంత స్పష్టంగా ఉండదు. బ్రిటన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ నర్సింగ్ వృత్తి సంఘమూ అవుతుంది, యూనియనూ అవుతుంది. మీరు చేరబోయే సంఘం ఏ పని చేస్తుందో, ఏది చేయదో నియమావళిలో చూసుకోండి. చేరాక సగం మంది నిరాశపడేది ఇక్కడే. జీతం గురించి అడగడానికి వెళ్తే సెమినార్ కరపత్రం చేతిలో పెడతారు.

అందరు నర్సులకూ సంఘాలు ఉండగా కంటికి ప్రత్యేకంగా మరొకటి ఎందుకు?

మిగతాచోట్ల మంచిదనుకున్న పద్ధతే కంటి దగ్గరికి వచ్చేసరికి హాని చేయొచ్చు కాబట్టి. పనిముట్లు కడగడమే తీసుకోండి. జనరల్ సర్జరీ ఓటీలో రక్తం, కండ అంటిన పనిముట్లను ఎంజైమ్ డిటర్జెంట్‌లో నానబెడతారు. అక్కడ అది సరైన పద్ధతే. శుక్లం ఆపరేషన్‌లో వాడే సన్నటి క్యాన్యులాలకూ అదే వర్తింపజేస్తే, గొట్టం లోపల మిగిలిన రవ్వంత డిటర్జెంట్ ఆటోక్లేవ్‌లో (ఆవిరి వేడితో క్రిములను చంపే యంత్రం) పెట్టినా పోదు. తర్వాతి రోగి కంట్లోకి సెలైన్‌తోపాటు అదీ వెళ్తుంది. మర్నాడు పట్టీ తీసేసరికి నల్లగుడ్డు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా మసకబారి ఉంటుంది. నొప్పి పెద్దగా ఉండదు, చూపు మాత్రం పడిపోతుంది.

దీని పూర్తి పేరు టాక్సిక్ యాంటీరియర్ సెగ్మెంట్ సిండ్రోమ్, అందరూ టాస్ అంటారు. ఇది ఇన్‌ఫెక్షన్ కాదు, కంటి ముందుభాగంలోకి చేరిన విషపదార్థం వల్ల వచ్చే వాపు. సాధారణంగా ఆపరేషన్ అయిన 12 నుంచి 48 గంటల్లో బయటపడుతుంది. ఇన్‌ఫెక్షన్ వల్ల వచ్చే ఎండాఫ్తల్మైటిస్ ఎక్కువగా రెండో రోజు నుంచి వారం లోపు, చాలామందిలో నొప్పితో వస్తుంది. మొదటి రోజు రోగిని చూసే నర్సుకు ఈ తేడా తెలిసి ఉంటే, డాక్టరుకు చేసే ఫోనులో చెప్పే మొదటి వాక్యమే మారిపోతుంది.

2006లో అమెరికాలో చాలా కేంద్రాల్లో టాస్ కేసులు ఒక్కసారిగా పెరిగాయి. ఎక్కడెక్కడ లోపం జరుగుతోందని వెతికితే పనిముట్లు కడిగే గది పదే పదే తగిలింది. ఆ తర్వాత 2007లో శుక్లం సర్జన్ల సంఘం ఏఎస్‌సీఆర్‌ఎస్, కంటి నర్సుల సంఘం ఏఎస్‌ఓఆర్‌ఎన్ కలిసి కంటి లోపల వాడే పనిముట్ల శుభ్రత, స్టెరిలైజేషన్ మీద సిఫారసులు ప్రచురించాయి. అందులో నర్సుల సంఘం పేరు మర్యాద కోసం చేర్చింది కాదు. కడిగే పనిని దగ్గరుండి చేసేది, చేయించేది నర్సులు. 2018లో కంటి వైద్యుల అకాడమీ, ఏఎస్‌సీఆర్‌ఎస్, డేకేర్ కంటి ఆపరేషన్ కేంద్రాల సంఘం కలిసి ఇంకో మాట తేల్చిచెప్పాయి: కంటి లోపలి పనిముట్ల రోజువారీ శుభ్రతకు ఎంజైమ్ డిటర్జెంట్‌ను తప్పనిసరి చేయకూడదు.

చిన్న సంగతులే ఇక్కడ పెద్దవి. ఆపరేషన్‌లో కంటి లోపల ఖాళీ నిలిపి ఉంచడానికి జెల్ వాడతారు, ఓటీలో విస్కో అంటారు. అది క్యాన్యులాలో నిమిషాల్లో ఎండి అతుక్కుపోతుంది. ‘కేసులన్నీ అయ్యాక ఒకేసారి కడుగుదాంలే’ అనుకుంటే అప్పటికే ఆలస్యమైనట్టు. కేసు అవగానే, జెల్ ఇంకా తడిగా ఉండగానే, గొట్టంలోకి నీళ్లు పంపి కడగాలి. అల్ట్రాసోనిక్ తొట్టిలో నీళ్లు మార్చకుండా వదిలేస్తే అందులో బాక్టీరియా పెరుగుతుంది. ఆటోక్లేవ్ వేడికి బాక్టీరియా చచ్చినా అది వదిలిన విషం, ఎండోటాక్సిన్, పోదు, పనిముట్టును పట్టుకునే ఉంటుంది. జనరల్ సర్జరీ మాన్యువల్‌లో ఈ సంగతులు వెతికితే దొరకవు. కంటి నర్సులు ఒకచోట చేరి మాట్లాడుకోవాల్సిన అవసరం అక్కడే మొదలవుతుంది.

ఇంకో కారణం కూడా ఉంది. పెద్ద ఆసుపత్రిలో మెడికల్ వార్డు నర్సులు వందమంది ఉంటే కంటి విభాగంలో ముగ్గురో నలుగురో ఉంటారు. సందేహం వస్తే పక్కన అడగడానికి మనిషి ఉండదు.

ఇలాంటి సంఘాలు ఎక్కడెక్కడ ఉన్నాయి?

అందరికీ ఎక్కువగా తెలిసినది అమెరికన్ సొసైటీ ఆఫ్ ఆప్తాల్మిక్ రిజిస్టర్డ్ నర్సెస్. పైన చెప్పిన ఏఎస్‌ఓఆర్‌ఎన్ ఇదే. 1976లో మొదలైంది. ‘ఇన్‌సైట్’ అనే పత్రిక నడుపుతుంది. బ్రిటన్‌లో రాయల్ కాలేజ్ ఆఫ్ నర్సింగ్ లోపల కంటి నర్సులకు ప్రత్యేక ఫోరం ఉంది. ఆస్ట్రేలియాలో ఆస్ట్రేలియన్ ఆప్తాల్మిక్ నర్సెస్ అసోసియేషన్ ఉంది. ప్రత్యేక సంఘం లేనిచోట జాతీయ నర్సుల సంఘంలో ఒక విభాగంగానో, కంటి వైద్యుల మహాసభలో నర్సులకు కేటాయించిన ఒక రోజుగానో ఈ పని జరుగుతుంటుంది.

ఎవరు చేరవచ్చు?

సాధారణంగా రిజిస్టర్డ్ నర్సు అయి ఉండి, కంటి ఓపీ, వార్డు, ఓటీ, లేజర్ గది, ఐ బ్యాంకు, కంటి క్యాంపుల్లో ఎక్కడ పనిచేస్తున్నా పూర్తి సభ్యత్వం దొరుకుతుంది. విద్యార్థులకు, రిటైరైనవారికి, నర్సులు కాని కంటి సిబ్బందికి వేరే తరగతులు ఉంటాయి. వాటికి ఫీజు తక్కువ, కొన్నిచోట్ల ఓటు హక్కు ఉండదు. విదేశీ సభ్యులను తీసుకునే సంఘాలు కూడా ఉన్నాయి.

కంటి విభాగానికి కొత్తగా బదిలీ అయ్యాను. ఏమీ తెలియకుండా చేరితే బాగుంటుందా?

చేరాల్సింది అప్పుడే. అన్నీ తెలిశాక చేరేవారు సాధారణంగా నేర్పడానికి చేరతారు, అదీ మంచిదే. కొత్తగా వచ్చినవారి ఇబ్బంది వేరు. జనరల్ వార్డులో పదేళ్ల అనుభవం ఉన్నా ఇక్కడ మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. కేస్ షీట్‌లో పొట్టి అక్షరాలు కొత్త, మందుల పేర్లు కొత్త, 6/6, 6/60 అంటే ఏమిటో కొత్త. కంటిలో ఒత్తిడి మామూలుగా 10 నుంచి 21 మిల్లీమీటర్ల మెర్క్యురీ మధ్య ఉంటుందన్నది పుస్తకంలో ఎప్పుడో చదివి ఉంటారు. అది 50 దాటిన మనిషి ఎలా ఉంటాడో మాత్రం చూసి ఉండరు.

నిజానికి చూసే ఉంటారు, గుర్తుపట్టి ఉండరు. విపరీతమైన తలనొప్పి, వాంతులు, ఒక కన్ను ఎర్రబడి లైట్ల చుట్టూ రంగుల వలయాలు కనిపించడం, ఇవన్నీ కలిసి వస్తే అక్యూట్ యాంగిల్ క్లోజర్ అని అనుమానించాలి. నీటికాసుల్లో, అంటే గ్లకోమాలో, ఇది ఎమర్జెన్సీ రకం. వాంతులు ముందు కనిపిస్తాయి కాబట్టి రోగి కడుపు డాక్టరు దగ్గరికి వెళ్తాడు, అక్కడ గంటలు పోతాయి. టార్చి వేసి చూస్తే కంటిపాప సగం విప్పారి, వెలుతురుకు కదలకుండా ఉంటుంది. ఇది తెలిసిన నర్సు ఎమర్జెన్సీలో ఒక్కరున్నా ఆ కన్ను దక్కుతుంది. మంచి సంఘాలు కొత్తవారికి నడిపే తొలి కోర్సుల్లో ఎక్కువ సమయం ఈ ట్రయాజ్ మీదే, అంటే ఎవరిని ముందు చూడాలో తేల్చడం మీదే పెడతాయి.

ట్రయాజ్‌లో ఇంకేం నేర్పుతారు?

ఏది నిమిషాల్లో, ఏది గంటల్లో, ఏది రేపటికి అన్న విభజన. కంట్లో ఆమ్లమో, సున్నమో, శుభ్రపరిచే ద్రావణమో పడితే చూపు పరీక్ష చేయడానికి కూడా ఆగకూడదు. ముందు నీళ్లు, తర్వాతే ప్రశ్నలు. కనీసం అరగంట ధారగా కడిగి, పీహెచ్ కాగితంతో చూసి, 7.0 నుంచి 7.4 మధ్యకు వచ్చాక కాసేపు ఆగి మళ్ళీ చూడాలి. సున్నం ముక్కలు పైరెప్ప మడతలో దాక్కుంటాయి. రెప్ప తిరగేసి తీయకపోతే ఎంత కడిగినా పీహెచ్ మళ్ళీ పెరుగుతుంది.

నొప్పి లేకుండా ఉన్నట్టుండి ఒక కంటి చూపు పోవడం గంటల్లో తేలాల్సిన వ్యవహారం. రెటీనా రక్తనాళం మూసుకుపోయి ఉండొచ్చు, అదే మనిషికి పక్షవాతం వచ్చే ప్రమాదమూ ఉంటుంది. మెరుపులు, కొత్తగా నల్లటి చుక్కలు, పక్క నుంచి తెర దిగినట్టు ఉండటం రెటీనా ఊడుతున్న గుర్తులు. ఆ రోజే డాక్టరు చూడాలి. ఫోనులో రోగి ‘ఏం లేదండీ, కాస్త మసగ్గా ఉంది’ అంటాడు. ఆ కాస్త వెనక ఏముందో రాబట్టే ప్రశ్నలు నేర్చుకోవాల్సిందే, పుట్టుకతో రావు.

సభ్యత్వం ఉంటే నేను సర్టిఫైడ్ కంటి నర్సునైనట్టేనా?

కాదు. అన్ని ప్రశ్నల్లోకీ ఎక్కువ గందరగోళం ఉన్నది ఇక్కడే. సభ్యత్వానికి ఫీజు, రిజిస్ట్రేషన్ చాలు. సర్టిఫికేషన్‌కు అనుభవం చూపాలి, పరీక్ష పాస్ కావాలి. ఉదాహరణకు అమెరికాలో సీఆర్‌ఎన్‌ఓ అనే గుర్తింపు ఉంది. దానికి రిజిస్టర్డ్ నర్సు లైసెన్సుతోపాటు కంటి నర్సింగ్‌లో 4,000 గంటల అనుభవం అడుగుతారు, అంటే సుమారు రెండేళ్ల ఫుల్‌టైమ్ పని. ఐదేళ్లకోసారి దాన్ని పునరుద్ధరించుకోవాలి. పరీక్ష పెట్టే సంస్థ, సభ్యత్వం ఇచ్చే సంఘం వేర్వేరుగా ఉండటం కావాలని పెట్టుకున్న ఏర్పాటే. చదువు చెప్పినవారే మార్కులూ వేస్తే ఆ మార్కులకు విలువ ఉండదు.

పేరు పక్కన అక్షరాలు పెట్టుకునేముందు చూసుకోండి. సంఘంలో సభ్యులై ఉండి సర్టిఫైడ్ అని రాసుకోవడం వృత్తి నీతికి విరుద్ధం, కొన్నిచోట్ల కౌన్సిల్ దాకా వెళ్లే వ్యవహారం.

ఒక దేశంలో తెచ్చుకున్న సర్టిఫికేషన్ మరో దేశంలో చెల్లుతుందా?

ఉద్యోగంలో పనికొస్తుంది, లైసెన్సుకు పనికిరాదు. అక్కడి కౌన్సిల్‌లో రిజిస్టర్ కావడం వేరే పని, దాని పరీక్షలు వేరు. ఏజెంటు ‘ఈ సర్టిఫికెట్ ఉంటే చాలు’ అంటే నమ్మకండి.

సర్టిఫికేషన్ పరీక్షకు ఎలా చదవాలి?

కంటి నిర్మాణం, మందులు, కంటిలో ఒత్తిడి సంగతులు చాలామంది బాగానే చదువుతారు. తక్కువ మార్కులు వచ్చేది తాము రోజూ చేయని విభాగంలో. ఓటీ నర్సుకు ఓపీ ప్రశ్నలు కష్టం, ఓపీ నర్సుకు రెటీనా ఆపరేషన్ ప్రశ్నలు కష్టం. అందుకని చదవడం కంటే ముందు ఇన్‌ఛార్జిని అడిగి అవతలి విభాగంలో కొన్ని రోజులు డ్యూటీ వేయించుకోండి. విట్రెక్టమీలో (కంటి లోపలి జెల్లీని తీసే ఆపరేషన్) కంటిలోకి గ్యాస్ ఎక్కించిన రోగి విమానం ఎందుకు ఎక్కకూడదో, అతనికి మరో ఆపరేషన్ వస్తే మత్తుకు వాడే నైట్రస్ ఆక్సైడ్ గ్యాస్ ఎందుకు ఇవ్వకూడదో ఒక్క రోగిని దగ్గరుండి చూస్తే మరి మర్చిపోరు. రెండింటికీ కారణం ఒకటే: కంటి లోపల గ్యాస్ వ్యాకోచిస్తుంది, ఒత్తిడి పెరిగి చూపు పోతుంది.

నలుగురు కలిసి చదివితే మేలు. సంఘం శాఖలు చాలావాటిలో ఇలాంటి చదువు బృందాలు ఉంటాయి, లేకపోతే మీరే పెట్టుకోవచ్చు.

ఆప్టోమెట్రిస్టులు, ఆప్తాల్మిక్ టెక్నీషియన్లు ఉండగా నర్సు ప్రత్యేకంగా చేసేదేమిటి?

చూపు కొలవడం, అద్దాల నంబరు తీయడం, స్కాన్ తీయడం ముగ్గురూ నేర్చుకోవచ్చు. టెక్నీషియన్లకు వేరే సంఘాలు, వేరే పరీక్షలు ఉన్నాయి, వాటిలో కొన్ని 1960ల చివర నుంచే నడుస్తున్నాయి. నర్సు చూసేది కన్ను ఒక్కదాన్నే కాదు, ఆ కన్నున్న మనిషి మొత్తాన్ని. శుక్లం ఆపరేషన్‌కు వచ్చిన పెద్దాయనకు షుగర్ 400 ఉందా, రక్తం పలచబడే మాత్రలు వేసుకుంటున్నారా, ప్రోస్టేట్‌కు టామ్సులోసిన్ వాడుతున్నారా అన్నవి ఎవరో ఒకరు అడగాలి. టామ్సులోసిన్ వాడేవారిలో ఆపరేషన్ మధ్యలో కనుపాప కండరం సడలి, గాలికి గుడ్డ ఊగినట్టు ఊగుతుంది. సర్జన్‌కు ముందే తెలిస్తే సిద్ధంగా ఉంటారు. ‘కంటి ఆపరేషన్‌కీ ప్రోస్టేట్ మాత్రకీ ఏం సంబంధం’ అని రోగి చెప్పకుండా ఊరుకుంటాడు.

ఈ మూడు వృత్తుల మధ్య పోటీ ఉందని దాచి లాభం లేదు. కొన్ని యాజమాన్యాలు ఖర్చు తగ్గుతుందని నర్సుల స్థానంలో తక్కువ శిక్షణ ఉన్నవారిని పెడుతున్నాయి. దీనిమీద మాట్లాడటం సంఘం పనే. ‘మమ్మల్ని తీసేయొద్దు’ అంటే ఎవరూ వినరు. ఏ పనికి ఏ శిక్షణ కావాలో రాతపూర్వకంగా చూపిస్తే వింటారు.

చుక్కల మందు గురించి సంఘాలు అంతగా ఎందుకు మాట్లాడతాయి? చుక్క వేయడం ఎవరికి రాదు?

సరిగ్గా వేయడం చాలామందికి రాదు. సీసాలోంచి పడే ఒక చుక్క సుమారు 30 నుంచి 50 మైక్రోలీటర్లు. రెప్ప మడత పట్టగలిగేది దాదాపు ఒక చుక్కంత. రెండు మందులు వెంటవెంటనే వేస్తే రెండోది మొదటిదాన్ని చెంపమీదికి తోసేస్తుంది. అందుకే మధ్యలో ఐదు నిమిషాలు. ఆయింట్‌మెంట్ ఉంటే అది చివర్లో. సస్పెన్షన్ (మందు పొడి అడుక్కి దిగే ద్రావణం) అయితే సీసా బాగా కుదపాలి.

వేసే తీరు ఇది. చేతులు కడుక్కుని, రోగి తల వెనక్కి వాల్చి పైకి చూస్తుండగా, కింది రెప్పను చెంప ఎముక మీదుగా మెల్లగా కిందికి లాగితే చిన్న దొప్పలాంటి ఖాళీ వస్తుంది. చుక్క అందులో పడాలి, నల్లగుడ్డు మీద కాదు. సీసా మొన రెప్పకూ వెంట్రుకలకూ తగలకూడదు. తర్వాత కన్ను మూయించి, ముక్కు పక్కన కంటి లోపలి మూలను వేలితో రెండు మూడు నిమిషాలు నొక్కి ఉంచాలి. లేకపోతే మందు కన్నీటి నాళం గుండా ముక్కులోకి, అక్కడి నుంచి రక్తంలోకి చేరుతుంది. టిమోలాల్ లాంటి మందు అలా చేరితే ఉబ్బసం ఉన్నవారికి ఊపిరి ఆడదు, కొందరికి నాడి మందగిస్తుంది. నీటికాసుల రోగి కళ్లు తిరిగి పడితే చుక్కల మందును అనుమానించేవారు తక్కువ.

మూతల రంగులు కూడా చర్చనీయాంశమే. కంటిపాప విప్పార్చే మందులకు ఎర్ర మూత, బీటా బ్లాకర్లకు పసుపు, కంటిపాప కుదించేవాటికి ఆకుపచ్చ, స్టెరాయిడ్లకు గులాబీ అన్న పద్ధతి అమెరికన్ కంటి వైద్యుల అకాడమీ సూచించినది. చూపు తగ్గిన రోగికి అది ఎంతో మేలు. నర్సుకు మాత్రం వల కూడా. ఒకే రకం మందులన్నీ ఒకే రంగు కావడంతో ఒకదాని బదులు ఇంకొకటి చేతికి రావడం తేలిక. మూత చూసి తీసినా పేరు చదివే వేయాలి. ఇళ్లలో అయితే సూపర్ గ్లూ సీసాను చుక్కల మందనుకుని వేసుకున్న కేసులు వైద్య పత్రికల్లో ఎన్నోసార్లు వచ్చాయి. డిశ్చార్జి రోజు ‘మందులు వేరే డబ్బాలో పెట్టుకోండి’ అని చెప్పడం చాదస్తం కాదు.

ఓటీ నర్సులకు సంఘం ఇచ్చే ముఖ్యమైన సాయం ఏమిటి?

టాస్ సంగతి పైన వచ్చింది. దాని తర్వాత పెద్దది తప్పు లెన్స్ పడకుండా చూడటం. శుక్లం ఆపరేషన్ల రోజు జాబితా పొడుగ్గా ఉంటుంది, ఒక్కో కేసు నిమిషాల్లో అయిపోతుంది. ఎవరో రోగి రాలేదని, బీపీ ఎక్కువ ఉందని వరస మారుస్తారు. ముందుగా తీసి పెట్టిన లెన్స్ పెట్టె బల్లమీదే ఉండిపోతుంది, రోగి మారిపోతాడు. ఇందుకు మందు ఒకటే: గదిలో ఒక రోగి ఉన్నప్పుడు ఆ రోగి లెన్స్ తప్ప మరొకటి ఉండకూడదు. పేరు, ఏ కన్ను, లెన్స్ మోడల్, పవర్, గడువు తేదీ, ఇవన్నీ బయోమెట్రీ (లెన్స్ పవర్ కోసం కంటిని కొలిచే పరీక్ష) కాగితం చూస్తూ పైకి చదవాలి, రెండో మనిషి వినాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన సర్జికల్ చెక్‌లిస్టును కంటి ఆపరేషన్‌కు తగ్గట్టు మార్చుకుని వాడుతున్నవారు చాలామంది ఉన్నారు. ఆ మార్చిన కాగితాలు సభ్యుల మధ్య చేతులు మారుతుంటాయి. సంఘంలో నాకు అన్నిటికంటే విలువైనవిగా తోచేవి ఇవే, పెద్ద సభల్లో ఉపన్యాసాలు కాదు.

సంఘం మార్గదర్శకం ఒకటి చెబుతోంది, మా ఆసుపత్రిలో మరోలా చేస్తున్నారు. ఏం చేయాలి?

సంఘం సిఫారసు చట్టం కాదు. మీరు పనిచేయాల్సింది ఆసుపత్రి పద్ధతి ప్రకారమే, అది రోగికి హాని చేస్తుందని తోస్తే తప్ప. అలాగని ఊరుకోమని కాదు. మార్గదర్శకంలో ఆ పేజీ, పనిముట్టు తయారీదారు ఇచ్చిన శుభ్రత సూచనలు, మీ దగ్గర జరుగుతున్న పద్ధతి మూడూ పక్కపక్కన పెట్టి ఇన్‌ఛార్జికీ, ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ కమిటీకీ రాతలో ఇవ్వండి. ‘మా సంఘం ఇలా చెప్పింది’ అంటూ మొదలుపెడితే గొడవవుతుంది. ‘ఈ క్యాన్యులా కంపెనీ ఇలా కడగమంటోంది, మనం అలా చేయడం లేదు’ అంటే కమిటీ ఆలోచనలో పడుతుంది.

కంట్లోకి ఇచ్చే ఇంజెక్షన్లు నర్సులు ఇవ్వవచ్చా?

దేశాన్ని బట్టి. బ్రిటన్‌లో ప్రత్యేక శిక్షణ పొందిన నర్సులు రెటీనా రోగులకు ఇంజెక్షన్లు ఇస్తున్నారు. రోగుల సంఖ్య పెరిగి, నెలనెలా ఇంజెక్షన్ అవసరమైనవారికి డాక్టర్ల సమయం చాలకపోవడంతో ఆ ఏర్పాటు వచ్చింది. చాలా దేశాల్లో ఆ పని ఇప్పటికీ డాక్టరుదే. సూది దిగాల్సింది నల్లగుడ్డు అంచు నుంచి 3.5 నుంచి 4 మిల్లీమీటర్ల దూరంలో. అంతకంటే ముందుకు జరిగితే లెన్స్‌కు, వెనక్కి జరిగితే రెటీనాకు తగులుతుంది. ముందు పోవిడోన్ అయొడిన్ వేసి, అది పనిచేసేదాకా ఆగాలి.

డాక్టరు నోటిమాటగా ‘నువ్వు ఇచ్చెయ్యమ్మా, నేనున్నాగా’ అంటే ఒప్పుకోకండి. మీ కౌన్సిల్ అనుమతి, ఆసుపత్రి రాతపూర్వక పద్ధతి, శిక్షణ రికార్డు, బాధ్యత బీమా నాలుగూ ఉండాలి. ఒక్కటి లేకపోయినా చేయనని చెప్పే హక్కు మీకుంది. సంఘం దగ్గర దీనికి సంబంధించిన కాగితం ఉంటే ఆ మాట చెప్పడం తేలికవుతుంది.

మందుల కంపెనీలు సంఘం సభలకు డబ్బిస్తాయి కదా. నమ్మవచ్చా?

ఇస్తాయి. లెన్సులు, మందులు, యంత్రాలు అమ్మే కంపెనీలు లేకుండా పెద్ద సభలు జరగడం అరుదు. స్టాల్ అద్దెకివ్వడం వేరు, ఉపన్యాసం ఎవరివ్వాలో కంపెనీ తేల్చడం వేరు. వక్త మొదటి స్లైడులో తనకు ఏ కంపెనీతో సంబంధముందో చెబుతున్నారా చూడండి. ఒక బ్రాండు పేరే పదే పదే వినబడితే అది చదువు కాదు, ప్రకటన. సభ్యులకు ఏటా లెక్కలు చూపించని సంఘంలో చేరడానికి ముందు నేనైతే ఆలోచిస్తాను.

రోగులు, వాళ్ల బంధువులు సంఘాన్ని సలహా అడగవచ్చా?

సాధారణ సమాచారం దొరకవచ్చు. ఒక కన్ను గురించి సలహా మాత్రం ఆ కన్ను చూసినవారే ఇవ్వాలి. ఆపరేషన్ తర్వాత నొప్పి పెరుగుతున్నా, చూపు తగ్గుతున్నా సంఘానికి ఉత్తరం రాయడం కాదు, ఆపరేషన్ చేసిన చోటికి ఆ రోజే వెళ్లాలి.

నాకు ఉద్యోగం చూపిస్తారా? క్రమశిక్షణ చర్య వస్తే లాయరును పెడతారా?

ఉద్యోగ ప్రకటనలు సభ్యులకు పంపే సంఘాలున్నాయి. లాయరు సాయం చాలావాటిలో ఉండదు, అందుకు యూనియన్ లేదా వృత్తి బీమా చూసుకోవాలి.

మా దగ్గర శాఖ లేదు. మేమే పెట్టుకోవచ్చా?

పెట్టుకోవచ్చు. చాలా శాఖలు అలాగే పుట్టాయి. బ్యానరు, ప్రారంభోత్సవం, అధ్యక్షుడు, కార్యదర్శి ఎంపికతో మొదలుపెడితే మూడో సమావేశానికి ఎవరూ రారు. పక్కపక్క ఆసుపత్రుల్లోని కంటి నర్సులు నెలకో గంట కూర్చుని ఒక్కో కేసు, ఒక్కో పద్ధతి మాట్లాడుకోవడంతో మొదలుపెట్టండి. ఒకరు డ్రెస్సింగ్ ఎలా చేస్తారో చూపిస్తే, మరొకరు పసిపిల్లలకు చుక్కలు ఎలా వేస్తారో చూపిస్తారు. రోగి పేరు, ఫోటో, కేస్ నంబరు బయటపెట్టకూడదన్న నియమం మొదటి రోజే పెట్టుకోండి, వాట్సాప్ గ్రూపులో మరీ ముఖ్యం. మనుషులు నిలబడ్డాక మాతృసంఘానికి రాసి గుర్తింపు అడగవచ్చు. అప్పుడు నియమావళి, బ్యాంకు ఖాతా, ఎన్నికలు వస్తాయి.

రెండేళ్లు ఫీజు కట్టాను, ఏమీ రాలేదు. కొనసాగించాలా?

ముందు ఏం వాడారో చూసుకోండి. పత్రిక తెరిచారా, ఉచిత క్లాసులు విన్నారా, సందేహం వస్తే రాశారా? ఇవన్నీ చేసినా ఏమీ అందలేదంటే మానేయడంలో తప్పులేదు. మీరు తెచ్చుకున్న సర్టిఫికేషన్‌ను సాధారణంగా అది ముట్టుకోదు, పునరుద్ధరణ ఫీజులో సభ్యులకిచ్చే తగ్గింపు మాత్రం పోతుంది. మానేసేముందు కార్యవర్గానికి ఒక ఉత్తరం రాయండి, ఏది కావాలో ఏది దొరకలేదో పేరుపేరునా. జవాబు వస్తే ఇంకో ఏడాది చూడండి.